ఎనిమిది మీద ఇంకొకటి

నవంబరు 19, 2023

ఎరువుల దుకాణపాయన ఎప్పుడో ఇచ్చిన డైరీ. సంవత్సరం పాతది. అచ్చు తారీకులు కొట్టేసి రాస్తున్న. వానల పుస్తకం వేరే ఉంది. అండ్ల గిది రాస్తే అది ఖరాబైతది.

పొద్దుగాల వాకిట్ల వాన కొలిచే సీస చూసిన. సున్న. సీస పక్కన ఎలుక సచ్చి ఉంది. 1.

పిల్లి కొరికిన జాడ లేదు. మందు తిన్న ఎలుక నీళ్లు దేవులాడుకుంట పోయి సస్తదంటరు. ఇది గచ్చు మీద పండుకున్నట్టే ఉంది. నా ఇంటామె మైసమ్మ లేవకముందే తోకవట్టి జామచెట్టు కింద పూడ్చిన.


నవంబరు 20

సున్న. 2.

ఒకటి మేకల కొట్టంల, ఒకటి కుడితి గోలెం కాడ. నోటితోని అనలే. రాసిన అంతే. రాసుడు అనుడు కాదు.


నవంబరు 22

సున్న. 3.

నన్ను కన్న అవ్వ మాట యాదికొస్తాంది. అవ్వ చిన్నప్పుడు ఊర్లెకు బిళ్లల జబ్బు వచ్చిందట. ఆఫీసోళ్లు ప్లేగు అనేటోళ్లు. ఇంటి వాసాల నుంచి ఎలుకలు టపటప రాలినయట. అవ్వ తమ్ముడు ఐదేండ్ల పిలగాడు. వాకిట్ల రాలినవాటిని ఏలుతోని చూపిచ్చుకుంట గట్టిగ లెక్కవెట్టిండు. ఎనిమిది మీద ఇంకొకటి దాక. మూడోనాడు జరం. చంకల బిళ్ల. వారం తిరగకముందే పోయిండు.

ఊరు ఊరంత ఇండ్లిడిసి చెలకలల్ల గుడిసెలు ఏసుకున్నరట. చలిల పోయి, ఉగాదికి ఎండలు ముదిరినంకనే మల్లొచ్చిరట.

గప్పటి సంది మా ఊరికి ఒక కట్టడి. రాలిన ఎలుకను లెక్కవెట్టొద్దు. ఎన్ని అని నోటితోని అనొద్దు. అన్నోని ఇంటికి వస్తది.

అవ్వ సచ్చేదాక ఆ అంకె అనలే. కోడిగుడ్లైనా రొట్టెలైనా ఎనిమిది మీద ఇంకొకటి అనేది. నాకూ గదే అంటింది. ముప్పై ఏండ్లు మండల ఆఫీసుల సుంకరిగ చేసిన. పొద్దుగాల ఎనిమిదిన్నరకు వానగేజీ నీళ్లు గ్లాసుల పోసి కొలిచి క్లర్కు సారుకు చెప్పాలె. "ఎనిమిది మీద ఇంకొకటి సార్" అంటే ఆయన నవ్వేటోడు. "నీ గ్లాసుల ఆ గీత అరిగిపోయిందా సాయిలూ?" అనేటోడు. నేను తలకాయ వంచుకునేది. ఆయన రాసుకునేటోడు. నా ఇంటి పుస్తకంల మాత్రం 8+1 అనే ఉంటది.


నవంబరు 24

సున్న. 2.

దశరథ్ వచ్చిండు. మైసమ్మ తమ్ముడు. సాగర్ కాల్వ పక్కన మూడెకరాలు ఉంది ఆయనకు. ఈసారి నీళ్లు ఇడువలే. నాటు పడలే. కట్ట మీద గడ్డి మాత్రం నడుముల మందం ఉందట.

"కాల్వల నీళ్లు లేవు, మళ్లల్ల గింజ లేదు. ఎలుకలు యాడికి పోతయి బావా? ఓట్లోళ్ల లెక్క ఇంటింటికి తిరుగుతున్నయి."

"మీ ఇంట్ల రాలినయా?" అని అడిగిన.

నవ్వు బందైంది. "రాలలే. మీ ఇంట్ల?"

"రాలలే."

ఇద్దరం చాయ తాగినం. పోయేటప్పుడు ఆయన చెప్పులు చూసిన. పార తోని తవ్విన పచ్చిమట్టి అంటుకొని ఉంది.


నవంబరు 25

సున్న. 4.

ఇయ్యాల ఒకటి చూసిన. ఇంక పానం చల్లబడని ఎలుకను ఎత్తుతాంటె నా తెల్లధోతి మీద నల్లచుక్కలు పడ్డయి. ఆవగింజలో సగం ఉంటయి. అద్దాలు పెట్టుకొని చూసిన. ఊదితే ఒకటి జానెడు ఎగిరింది. రెక్కలు లేవు. రెక్కలు లేకుండ గంతెత్తు ఎట్ల ఎగిరింది?

ఐదు దాక లెక్కవెట్టిన. చల్లబడ్డ ఎలుక మీద వెతికితే ఒక్కటి లేదు. అంటే ఒళ్లు చల్లగైతే ఇడిసి పోతున్నయి. ఇంటి ఆసామి పోతే కిరాయోళ్లు ఖాళీ చేసినట్టు.

యాడికి పోతయి?

ధోతి తీసి దండెం మీద ఏసిన.


నవంబరు 26

సున్న. 1.

మైసమ్మ ధోతి పిండింది. "సుంకరి కొలువు ఎప్పుడో అయిపాయె. ఇంక మట్టి యాడ పూసుకొస్తున్నవయ్యా? జామచెట్టు కింద లంకెబిందెలు గిట్ల దొరికినయా?" అన్నది.

ఆమె మాట్లాడుతనే ఉంటది. జవాబు అక్కరలేదు ఆమెకు.

మాపటికి మేకలకు గడ్డి కోస్తనని కాల్వ కట్టకు పోయింది. రోజు పోతాంది.


నవంబరు 30

సున్న. 3. ఓట్లు ఏసి వచ్చినం.


డిసెంబరు 2

సున్న. 2.

వానల పుస్తకాలు అన్ని దించిన. పద్దెనిమిది ఉన్నయి. రెండింటిని ఎలుకలు కొట్టినయి.

దశరథ్ నాయిన సచ్చిపోయిన ఏడాది ఎలుకలు కోడిపిల్లల కాళ్లు కొరికినయని యాదికుంది. ఆ ఏడాది చూసిన. వాన సగం. దానికి ముందటి రెండేండ్లు చెర్లు నిండి మత్తళ్లు దుంకినయి. మోత్కూరుకు ఇచ్చిన మా బిడ్డ నిర్మల పెండ్లినాడు ఎలుకలు బియ్యం మూటలకు తూట్లు పెట్టినయి. అప్పుడు గూడ గంతే. ముందు రెండేండ్లు వాన, పెండ్లి ఏడాది కరువు.

ఇప్పుడు? 2020 అక్టోబరుల ఒక్కనాడే నా సీస పొంగింది. తర్వాత రెండేండ్లు మంచిగ పడ్డది. ఈసారి జులైల దంచికొట్టి ఆగస్టు మొత్తం ఎండ.

వాన పడితె గడ్డి. గడ్డికి గింజ. గింజకు ఎలుక. మల్ల వాన బందైతే ఎలుక ఇంట్లకు. సీసల నీళ్లు చూసి రెండేండ్లకు వచ్చే ఎలుకను చెప్పొచ్చునా? గింత తేటగ ఉంటే ఇంతకాలం నాకెందుకు కనపడలే?

ఎవ్వరికన్న చెప్పాలె అనిపిచ్చింది. ఎవ్వరికి చెప్త. నవ్వుతరు.

ఒకటి తెలుస్త లేదు. అవ్వోళ్లు ఉగాది దాకనే ఎందుకు ఆగిరి? ఉగాదికి ఏం మారింది?


డిసెంబరు 6

తుఫాను వాన. 22. గాలి చల్లగుంది. ఎలుకలు 5.


డిసెంబరు 11

సున్న.

ఎలుకలు ఎనిమిది. ఇంకొకటి.

ఒక్క పొద్దుల్నే. రెండుసార్లు లెక్క చూసిన. మనసుల్నే. పెదవులు కదిలినయో ఏమో. లేదు, కదలలే.


డిసెంబరు 13

మైసమ్మకు ఒళ్లు వెచ్చగున్నది. చలిగాలికి తిరిగింది. గంతే.


డిసెంబరు 14

జరం. ఊర్లె ఆరెంపీ సూది ఏసిండు. "రెండొద్దులల్ల లేస్తది పెద్దమనిషీ" అన్నడు. చలిజరం ఊరందరికీ ఉంది.

ఎలుకలు చూడలే.


డిసెంబరు 16

జరం ఇడుస్త లేదు. తలకాయ పగులుతాందని అన్నది. గంజి తాగలే. మాట్లాడ్త లేదు. ఇల్లు సప్పుడు లేకుండ ఉంటే ఎట్ల ఉంటదో ఇయ్యాల తెలిసింది.


డిసెంబరు 17

గజ్జల్ల బిళ్ల కట్టింది.

గడ్డికి పోయి కాల్వ కట్ట మీద నడిచింది కదా. కాలికి ముల్లు ఇరిగినా బిళ్ల కడ్తది. అందరికీ తెలిసిందే. కాలు చూసిన. ముల్లు దొరకలే. సన్న ముల్లు కావచ్చు.

ధోతి ఆమె పిండింది. వేడినీళ్లల్లనే పిండింది.

చన్నీళ్లా?


డిసెంబరు 18

దశరథ్ ఆటో మాట్లాడిండు. హాలియా దవాఖానకు తెచ్చినం. డాక్టరమ్మ పేరు అల్మాస్. నల్గొండామె. మా నిర్మల కంటె చిన్నది. సెలైన్ పెట్టింది, నెత్తురు తీసింది. అన్ని అడిగింది. నీళ్లు ఎక్కడివి, దోమలున్నయా, కల్లు తాగిందా.

"ఊర్లె ఎలుకలు గిన సచ్చినయా తాతా?"

దశరథ్ నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన.

"లేవమ్మా" అన్నడు దశరథ్.

"లేవు" అన్న నేను గూడ.

నేను మాట్లాడేదే రోజుకు పది మాటలు. అండ్ల ఒకటి గిది.


డిసెంబరు 19

జరం 104. రాత్రి సంది మైసమ్మ ఏదేదో అంటాంది. మేకలను కట్టేసినవా అని నన్ను కాదు, ఎప్పుడో పోయిన వాళ్ల బాపును అడుగుతాంది. నిర్మల మోత్కూరు నుంచి వచ్చింది. తల్లి కాళ్లకాడ కూసుంది.

డాక్టరమ్మ టైఫాయిడ్ కావచ్చు అనుకుంటాంది. ఇచ్చిన మందుకు తగ్గుత లేదు. ఇంక తగ్గకపోతే హైదరాబాదు తీస్కపోండి అన్నది. ఆమె మొఖంల ఫికర్ కనపడ్డది.

నాకు తెలిసింది ఆమెకు తెల్వదు. చెప్తే వస్తది అని అవ్వ అన్నది. చెప్పకపోతే?

రేపు చెప్త.


డిసెంబరు 20, పొద్దుగాల

ఇంటికి పోయిన. మేకలకు నీళ్లు పెట్టిన. సీస చూడలే. డైరీ ధోతి మడతల పెట్టుకొని మొదటి బస్సుకు వచ్చిన.


డిసెంబరు 20, మాపు

జరిగింది జరిగినట్టు రాయాలె.

డాక్టరమ్మ వార్డుల ఉంది. చుట్టు నలుగురు. డైరీ ఆమెకే ఇద్దామనుకున్న, చదువుకుంటదని. ఆమె తెరిచి చూసింది. "తాతా, మీ రాత నాకు తెలుస్త లేదు. మీరే చదవండి" అన్నది.

జిందగీల పదిమందిల నిలబడి చదివింది లేదు. బడిల గూడ పంతులు లేపితే ఏడ్చేది నేను.

"నవంబరు పంతొమ్మిది. ఒకటి" అన్న.

దశరథ్ లేచిండు. "బావా, నోరు ముయ్యి. అక్క మీదికి తెస్తవా?"

"వచ్చిందిరా" అన్న. "ఇంకేం తెస్త."

చదివిన. ఇరవై, రెండు. ఇరవై రెండు, మూడు. పురుగులు ఎగిరింది చదివిన. ధోతి పిండింది చదివిన. అప్పుడు నిర్మల కొంగు నోట్ల కుక్కుకుంది. డిసెంబరు పదకొండు కాడికి వచ్చినంక ఆగిన.

"ఎనిమిది. ఇంకొకటి" అన్న.

"అంటే ఎన్ని?" అన్నది డాక్టరమ్మ. ఆమెకు మా కట్టడి తెల్వదు కదా.

మైసమ్మను చూసిన. కండ్లు మూసుకొని ఉంది.

"తొమ్మిది" అన్న.

ఏం కాలే. పంక తిరుగుతనే ఉంది.

డాక్టరమ్మ ఎంటనే మూతికి గుడ్డ కట్టుకుంది. మాకూ కట్టిచ్చింది. మంచాన్ని వేరే గదికి పట్టిచ్చింది. నర్సమ్మను పిలిచి మైసమ్మ ఒళ్లంత వెతికిచ్చింది. చీర కుచ్చిళ్ల కింద నడుము కాడ దొరికింది. బీడీతోని కాల్చినట్టు నల్ల పొక్కు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆమె చెప్పలే.

డాక్టరమ్మ మొఖం జర తేటపడ్డది. "ఇది ప్లేగు కాదేమో తాతా. ఎలుకలు తిరిగే గడ్డిల ఇంకో సన్నపురుగు ఉంటది, కంటికి ఆనదు. అది కుట్టినకాడ గిట్లనే నల్లగైతది. గని నేను పరీక్ష వచ్చేదాక ఆగను. ఆ జబ్బైనా ఈ జబ్బైనా ఒకటే మందు పనిచేస్తది. ఇప్పుడే పెడుతున్న."

"బతుకుతదా?"

"మొన్ననే చెప్పి ఉంటే ఈ మాట అడిగే అవసరమే ఉండకపోతుండె."

తిట్టలే. గంతే అన్నది. తిట్టినా బాగుండు.


డిసెంబరు 22

జరం 100.

పరీక్ష వచ్చింది. గడ్డిపురుగు జబ్బే. ప్లేగు పరీక్ష బెంగుళూరు పోయింది. వారం అంటున్నరు.

మైసమ్మ కండ్లు తెరిచింది. మొదటి మాట: "మేకలకు గడ్డి ఎవరేస్తున్నరు?"

"దశరథ్."

"వానికి గడ్డికి వరికి తేడా తెల్వదు" అన్నది.

బయటికొచ్చి మెట్ల మీద కూసున్న చానసేపు.


డిసెంబరు 24

డాక్టరమ్మ జీపుల ఊర్లెకు వచ్చింది. బడికాడ అందరిని కూడేసి ఎన్ని ఎలుకలు సచ్చినయని అడిగింది. వందమంది ఉన్నరు. ఒక్క నోరు లేవలే. బిక్షమ్మవ్వ కొంగు చెవులకు కట్టుకుంది, వినొద్దని.

దశరథ్ లేచిండు. చేతులు వెనుకకు కట్టుకొని, పరీక్షల తప్పిన పిలగాని లెక్క నిలవడి, "మా ఇంట్ల పదకొండు" అన్నడు. నా దిక్కు చూడలే.

ఇంకొకాయన "ఆరు" అన్నడు. ఇంకొకామె "మాయి పద్నాలుగు. దాస్తే ఏమొస్తది" అన్నది. మల్ల ఆపితే ఆగలే. గంపగుత్తగ చెప్పిరు. ఇన్ని ఎలుకలను ఇన్నిదినాలు ఊరంత సప్పుడు లేకుండ పూడ్చినమా?

సర్కారోళ్లు బోన్లు పెట్టి ఎలుకలను పట్టిరు. దువ్వెనతోని దువ్వి పురుగులను సీసలల్ల నింపిరు. పక్కన నిలవడి చూసిన. నా కొలత గ్లాసు లెక్కనే ఉన్నయి ఆ సీసలు.


డిసెంబరు 31

ప్లేగు లేదు. మైసమ్మకు లేదు, ఎలుకలల్ల గూడ లేదు. బెంగుళూరు నుంచి కాయిదం వచ్చింది.

"మరి ఎందుకు సచ్చినయి?" అని డాక్టరమ్మను అడిగిన.

"ఆకలికి, దూపకు కావచ్చు. కొన్ని మీ రైతులు పెట్టిన మందుకు. ఒక్కటే కారణం అని చెప్పలేను తాతా."

తెల్వనిది తెల్వదు అన్నది. నాకు నచ్చింది.

వానల పుస్తకాలు తెచ్చి చూపిచ్చిన. ఎందుకు తెచ్చిన్నో నాకే తెల్వదు. ఆమె పేషెంట్లను నిలబెట్టి పది నిమిషాలు పేజీలు తిప్పింది. "ప్లేగు గూడ గిట్లనే నడుస్తది. జబ్బు అడివి ఎలుకలల్ల ఏండ్లకేండ్లు పండుకుంటది. వానలు పడితె ఎలుకలు, ఎలుకలు పెరిగితే వాటి మీద ఎగిరే పురుగులు. తర్వాత కరువొచ్చి ఎలుకలు సస్తే ఆ పురుగుకు వెచ్చటి ఒళ్లు కావాలె. దగ్గరున్నది మనిషే."

ఉగాది సంగతి అడిగిన. అవ్వోళ్లు చలిల పోయి ఎండల్ల ఎందుకొచ్చిరని.

ఆమె పెన్ను ఆపింది. "మస్తు ఎండకు ఆ పురుగు ఎండి సస్తది. బతికింది గూడ జబ్బును సరిగ మొయ్యలేదు. ఇది నేను పుస్తకాలల్ల చదివిన. మీ అవ్వకు ఎవరు చెప్పిరు?"

"తమ్ముడు పోయిండు" అన్న.

ఆమె పుస్తకాలు మూసి నా ముందుకు జరిపింది.

లేచేటప్పుడు ఇంకొకటి అడిగిన. ఇప్పుడు చలి ముందటి లెక్క లేదు. ఎండ పెరిగింది. వాన పడితె కుండపోత, లేకుంటే లేదు. మరి ఆ పురుగు లెక్క ఎటు పోతది?

"గదే తాతా. ఒక్కో జాగాల ఒక్కో తీరు. కొన్నికాడ తగ్గుతది, కొన్నికాడ పెరుగుతది. మన జాగ సంగతి చెప్పాలంటె మన జాగ లెక్క కావాలె. మీరు ఆపకండి. ఈసారి ఎలుకలను చేతితోని మాత్రం ముట్టకండి. దాచకండి."

సరే అన్న.


జనవరి 9, 2024

మైసమ్మ ఇంటికొచ్చింది. సగమైంది. నోరు మాత్రం నిండుగనే ఉంది. సున్న. 1. పొడుగు కట్టెకు డబ్బ కట్టి ఎత్తిన.


జనవరి 15

మైసమ్మ డైరీ సంగతి నిర్మల నోట ఇన్నది.

"నా జరం గూడ రాసినవా?"

"రాసిన."

"ధోతి సంగతి?"

"రాసిన."

"ధోతితోని రాలేదన్నదిగా డాక్టరమ్మ."

"అప్పుడు తెల్వదు."

దండెం దిక్కు చూసుకుంట కూసుంది. తర్వాత అన్నది: "నాకు గూడ కనపడ్డయయ్యా ఎలుకలు. కొట్టం ఎనుక. నీకు చెప్తే భయపడ్తవని పెంటకుప్పల పూడ్చిన."

"ఎన్ని?"

అనలే. చేతి ఏళ్లు చూపిచ్చింది. ముందు ఐదు, మల్ల రెండు.

ఇద్దరం ఒక్క ఇంట్ల ఉండి, ఒకరికి తెల్వకుండ ఒకరం పూడ్చుకుంట తిరిగినం.


మార్చి 3

సున్న. ఎలుకలు సున్న. ఎండ ముదురుతాంది.


ఏప్రిల్ 9, ఉగాది

సున్న. సున్న. వేపపువ్వు మస్తు పూసింది. అవ్వోళ్లు గీ దినానికే గుడిసెలు పీకినరు. ఎంతమంది పోయి ఎంతమంది తిరిగొచ్చిరో అవ్వ ఎన్నడూ చెప్పలే. నేనూ అడుగలే.


మే 2

ఎండకు వాకిలి కాలుతాంది. డాక్టరమ్మకు నెలనెల లెక్క ఫోనుల చెప్తున్న. ముందు రాసింది చూసి చదివేది. ఇప్పుడు అక్కరలేదు.


జూన్ 8

రాత్రి ఉరుములు. మొదటి వాన.

మోకాలు పట్టి పొద్దుగాల లేవలేకపోయిన. ఎనిమిదిన్నర అయితాంది. కొలువుల ఉన్న ముప్పై ఏండ్లు ఆ టైం తప్పలే. మంచంల నుంచే అరిసిన. నేను అరిసిన్నంటె నాకే నవ్వొస్తాంది.

"మైసా, సీసల నీళ్లు గ్లాసుల పొయ్యి. ఎంతుందో చూడు."

"నాకేం తెలుస్తది నీ గీతలు?"

"కింది నుంచి ఎంచుకుంట రా."

గ్లాసు మొఖం కాడ పెట్టుకున్నది. కిటికీల నుంచి కనపడ్తాంది. ఒకటి, రెండు అనుకుంట వచ్చింది. ఎనిమిది అన్నది. ఆగింది. ఆమె గూడ ఈ ఇంటి కోడలే కదా, అవ్వ చేతుల రొట్టెలు నేర్చింది.

నేను పెన్ను పట్టుకొని చూస్తున్న. జామచెట్టు కింద అప్పుడే గడ్డి మొలుస్తాంది. ఇంక రెండేండ్లు వానలు మంచిగ పడితె మల్ల ఏమైతదో చూడాలె. అప్పటికి నాకు డెబ్బై ఆరు. చూస్త.

"తొమ్మిది!" అని కేకేసింది మైసమ్మ. పక్కింటోళ్లకు గూడ ఇనపడ్డది. "రాసుకో. తొమ్మిది!"

వాన 9. ఎలుకలు సున్న.